ధ్యానమా, మందులా? మనసు బాగోలేనప్పుడు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్న అడిగేవాళ్లలో చాలామంది జవాబు ముందే అనుకుని అడుగుతారు. మాత్రలంటే భయపడేవాళ్లకు "ధ్యానం చాలు" అనిపించుకోవాలని ఉంటుంది. కళ్లు మూసుకుని కూర్చోలేక విసిగిపోయినవాళ్లకు "మాత్రే నయం" అనిపించుకోవాలని ఉంటుంది. ఆందోళనతో బాధపడిన రోజుల్లో నేను రెండు వైపులా నిలబడ్డాను. ఏడాదిన్నర మాత్రలు వాడాను, ఇప్పటికీ పొద్దున్నే కాసేపు కూర్చుంటాను. నేను డాక్టర్‌ని కాదు. ఇక్కడ రాసింది మీ డాక్టర్‌తో మాట్లాడబోయే ముందు చదువుకోవడానికి పనికొస్తుంది, అంతవరకే.

సూటిగా చెప్పండి, రెండింటిలో ఏది మేలు?

ఏ జబ్బుకి, అది ఏ దశలో ఉన్నప్పుడు అన్నది తెలియకుండా చెప్పడం కుదరదు. అయితే యాంగ్జైటీ (ఆందోళన జబ్బు) విషయంలో ఈ రెండింటినీ ఎదురెదురుగా పెట్టి చూసిన మంచి పరిశోధన ఒకటుంది. అది 2022లో అమెరికాలో వెలువడింది. యాంగ్జైటీ జబ్బు ఉన్న 276 మందిని చీటీలు తీసినట్టుగా రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఎస్సిటాలోప్రామ్ అనే మాత్ర, రోజుకు 10 నుంచి 20 మిల్లీగ్రాములు. రెండో గుంపుకి మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఈ క్షణం మీద ధ్యాస నిలిపే ధ్యాన శిక్షణ. ఎనిమిది వారాలయ్యాక జబ్బు తీవ్రతను ఏడు మెట్ల కొలమానం మీద చూస్తే, ధ్యానం చేసినవాళ్లలో సగటున 1.35, మాత్ర వేసుకున్నవాళ్లలో 1.43 తగ్గింది. అంటే దాదాపు సమానం. చికిత్స వల్ల ఏదో ఒక ఇబ్బంది కలిగినవాళ్లు మాత్రం మాత్ర గుంపులో 79 శాతం దాకా ఉంటే, ధ్యానం గుంపులో 15 శాతమే.

ఈ ఫలితం బయటికి రాగానే "ఇక మాత్రలతో పని లేదు" అని చాలామంది సంబరపడ్డారు. ధ్యానం గుంపు ఏం చేసిందో చూశాక ఆ మాట అనడం కష్టం. వారానికోసారి రెండున్నర గంటల క్లాసు, ఇంటి దగ్గర రోజూ 45 నిమిషాల సాధన, మధ్యలో ఒక రోజంతా మౌనంగా ధ్యానం, పక్కన శిక్షణ పొందిన గురువు. సైకోసిస్ (లేనివి వినిపించడం, కనిపించడం, నిజమని నమ్మడం), బైపోలార్ (విపరీతమైన హుషారు, దిగులు మారిమారి రావడం) లాంటివి ఉన్నవాళ్లను మొదట్లోనే పక్కన పెట్టారు. పడుకునే ముందు ఫోన్‌లో పది నిమిషాలు వినే ధ్యానానికి ఈ ఫలితాన్ని అంటగట్టకూడదు.

ఇంకోటి కూడా చెప్పాలి. అంతకుముందు 2014లో 47 పరిశోధనలను, సుమారు 3,500 మంది వివరాలను కలిపి చూశారు. ధ్యానం వల్ల ఆందోళన, డిప్రెషన్ లక్షణాలు ఓ మోస్తరుగా తగ్గుతాయని తేలింది. కానీ మందులు, వ్యాయామం, ఇతర చికిత్సలతో పోల్చినప్పుడు ధ్యానం వాటికన్నా మెరుగని ఆధారమేమీ దొరకలేదు. మేలు చేస్తుందనడం వేరు, అన్నిటికన్నా మేలనడం వేరు.

అన్ని మానసిక సమస్యలకూ ఇదే లెక్క వర్తిస్తుందా?

వర్తించదు. స్కిజోఫ్రీనియా, బైపోలార్, సైకోసిస్‌తో కూడిన డిప్రెషన్, ఏమీ తినకుండా మంచం పట్టేంత డిప్రెషన్: వీటిలో మందే ముందు. బైపోలార్‌లో లిథియం వాడకాన్ని 1949లో ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ మొదటిసారి వివరించాడు. ఇప్పటికీ మేనియా, అంటే ఆ అదుపు లేని హుషారు, మళ్లీ మళ్లీ రాకుండా చూసే మందుల్లో దాని స్థానం చెక్కుచెదరలేదు. ఆ పని చేసి చూపించిన ధ్యానం ఇంతవరకూ ఏదీ లేదు.

ఓసీడీది (వద్దన్నా వచ్చే భయపు ఆలోచనలు, వాటిని తగ్గించుకోవడానికి చేసిన పనే మళ్లీ మళ్లీ చేయడం) మరో దారి. అక్కడ మందులతో పాటు, భయపెట్టే పరిస్థితిని ఎదుర్కొంటూ ఆ చేష్ట చేయకుండా ఆగే థెరపీ ఒకటుంది. ముందు దాని గురించి అడగండి.

స్వల్పం నుంచి మధ్యస్థం దాకా ఉన్న ఆందోళన, డిప్రెషన్, ఒత్తిడి వల్ల వచ్చే నిద్రలేమి: "ధ్యానమా, మందులా" అన్న ప్రశ్నకు అర్థం ఉన్నది ఇక్కడే.

నాది స్వల్పమో తీవ్రమో ఎలా తెలుస్తుంది?

డాక్టర్లు డిప్రెషన్‌కి పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి వాడుతుంటారు. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. 5కి చేరితే స్వల్పం, 10కి చేరితే మధ్యస్థం, 20కి చేరితే తీవ్రం. ఆందోళనకు జీఏడీ-7 అని ఇలాంటిదే ఇంకోటి ఉంది, ఏడు ప్రశ్నలతో. ఇవి జబ్బును నిర్ధారించవు, ఎంత దూరం వెళ్లిందో చెబుతాయి. పీహెచ్‌క్యూలో చివరి ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. మొత్తం మార్కులు ఎంత తక్కువ వచ్చినా సరే, దానికి సున్నా కాకుండా ఇంకేదైనా పెట్టి ఉంటే ఇంట్లో కూర్చుని ఆలోచించకండి, డాక్టర్‌ని కలవండి.

నా లెక్క ఇంకా మోటుది. స్నానం, తిండి, నిద్ర, పని. ఈ నాలుగింటిలో రెండు గాడి తప్పి రెండు వారాలైతే, సొంత వైద్యం దశ దాటిపోయినట్టే.

ఒక్కోసారి మూలం మనసులో ఉండదు. థైరాయిడ్ తగ్గినా, రక్తహీనత ఉన్నా, బీ12 లోపించినా, మద్యం ఎక్కువైనా అచ్చం డిప్రెషన్‌లాగే కనిపిస్తుంది. థైరాయిడ్ పెరిగితే అచ్చం ఆందోళనలాగే ఉంటుంది. గుండె దడకు ఆరు నెలలు ధ్యానం చేశాక రక్తపరీక్షలో థైరాయిడ్ బయటపడితే ఆ ఆరు నెలలూ వృథా.

తీవ్రమైన డిప్రెషన్‌లో ధ్యానం ఎందుకు వద్దంటున్నారు? అప్పుడే కదా దాని అవసరం?

ధ్యానానికి కావాల్సింది ఏకాగ్రత, కాస్త ఓపిక, "ఇది చేస్తే బాగుపడతాను" అన్న చిన్న ఆశ. డిప్రెషన్ మొదట లాగేసుకునేది ఈ మూడింటినే. కాళ్లు విరిగినవాడికి నడక మంచిదని చెప్పినట్టుంటుంది. నడక మంచిదే, కట్టు విప్పాక.

ఇంకో చిక్కు కూడా ఉంది. తీవ్రమైన డిప్రెషన్‌లో మనసు ఒకే ఆలోచన చుట్టూ గానుగెద్దులా తిరుగుతుంది: నేను పనికిరాను, అంతా నా వల్లే, ఇక మారదు. అలాంటి మనసుని నిశ్శబ్ద గదిలో ఒంటరిగా కూర్చోబెడితే గానుగ ఇంకా జోరుగా తిరుగుతుంది. పైగా "ఇంత తేలికైన పని కూడా చేయలేకపోయాను" అనే కొత్త నింద ఒకటి తోడవుతుంది. నేను చూసినంతలో ధ్యానం మీద విరక్తి పుట్టినవాళ్లలో చాలామంది ఈ సమయంలో మొదలుపెట్టినవాళ్లే. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వారు.

బావి తవ్వడానికి మంచి అదను జబ్బు తగ్గాక వస్తుంది. డిప్రెషన్ ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ, ఒక్కోసారి వచ్చిన కొద్దీ అది ఇంకా పెరుగుతుంది. సరిగ్గా దాని కోసమే జిందెల్ సెగల్, మార్క్ విలియమ్స్, జాన్ టీజ్‌డేల్ అనే ముగ్గురు సైకాలజిస్టులు ధ్యానాన్నీ ఆలోచనా సరళిని మార్చే థెరపీనీ కలిపి ఎనిమిది వారాల పద్ధతి తయారుచేశారు. 2000లో వచ్చిన వాళ్ల తొలి ఫలితాల్లో, డిప్రెషన్ మూడు అంతకన్నా ఎక్కువసార్లు వచ్చినవాళ్లకు ఇది బాగా ఉపయోగపడినట్టు తేలింది. 2015లో బ్రిటన్‌లో 424 మందితో దీన్ని మందులతో నేరుగా పోల్చారు. ఒక గుంపు మాత్రలు కొనసాగించింది. ఇంకో గుంపు ఈ శిక్షణ తీసుకుని, డాక్టర్ల పర్యవేక్షణలో మాత్రలు మెల్లగా తగ్గించుకుంది. రెండేళ్లలో డిప్రెషన్ తిరగబెట్టినవాళ్లు మాత్రల గుంపులో 47 శాతం, ధ్యానం గుంపులో 44 శాతం. రెండూ దాదాపు ఒకటే.

ఈ పోలికలో పాల్గొన్నవాళ్లంతా అప్పటికే మందులతో కోలుకున్నవాళ్లు. ధ్యానానికి దక్కిన అతి గట్టి ఆధారాల్లో ఒకటైన ఈ ఫలితం, మందు ముందుగా తన పని చేసి పెట్టాక వచ్చినది.

మాత్ర మెదడులో అసలు ఏం చేస్తుంది?

ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లూయాక్సెటిన్ లాంటివి నరాల మధ్య సెరటోనిన్ అనే రసాయనం ఎక్కువసేపు నిలిచేలా చేస్తాయి. ఆ మార్పు గంటల్లోనే మొదలైనా మనసు తేలికపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఈ ఆలస్యాన్ని బట్టి చూస్తే సెరటోనిన్ పెరగడం ఒక్కటే కథ కాదు. మెదడు నెమ్మదిగా తన తీరు మార్చుకోవడం ఏదో జరుగుతోంది.

"డిప్రెషన్ అంటే సెరటోనిన్ తక్కువ కావడం" అని మనం ఏళ్ల తరబడి విన్న మాటకు గట్టి ఆధారం లేదని 2022లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష చెప్పింది. అయితే మందు దండగ అనుకోవద్దు. పారాసిటమాల్ వేస్తే జ్వరం తగ్గుతుంది, అంతమాత్రాన ఒంట్లో పారాసిటమాల్ తక్కువై జ్వరం వచ్చిందని ఎవరూ అనుకోరు. ఎలా పనిచేస్తుందన్నది ఒక ప్రశ్న, పనిచేస్తుందా అన్నది మరో ప్రశ్న. రెండో ప్రశ్నకు 2018లో 522 పరిశోధనలను, లక్షా పదహారు వేల మందికి పైగా రోగుల వివరాలను కలిపి చూసి జవాబు చెప్పారు: పరిశీలించిన 21 మందులూ ఉత్తుత్తి మాత్ర కన్నా బాగా పనిచేశాయి. తేడా మరీ గొప్పదేమీ కాదు, సగటున ఓ మోస్తరు. కొందరికి చాలా బాగా పనిచేస్తుంది, కొందరికి అసలు పనిచేయదు, అప్పుడు మందు మార్చాల్సి వస్తుంది.

ఇదంతా ఎలా మొదలైందో తెలిస్తే నవ్వొస్తుంది. డిప్రెషన్ తొలి మందుల్లో ఒకటైన ఇప్రోనియాజిడ్ అసలు క్షయ మందు. అది వాడిన రోగులు ఊహించనంత హుషారుగా ఉండటం చూసి 1950లలో డాక్టర్లకు అనుమానం వచ్చింది.

ధ్యానం మెదడు ఆకారాన్నే మారుస్తుందట, నిజమా?

ఏళ్ల తరబడి ధ్యానం చేసినవాళ్ల మెదడులో కొన్ని పొరలు మందంగా ఉన్నాయని 2005లో ఒక చిన్న పరిశోధన వచ్చింది. ఎనిమిది వారాలకే మార్పు కనిపించిందని 2011లో మరొకటి వచ్చింది. రెండూ బాగా ప్రచారమయ్యాయి. తర్వాత 2022లో రెండు వందల మందికి పైగా వాలంటీర్లతో జాగ్రత్తగా చూస్తే, ఎనిమిది వారాల శిక్షణ వల్ల మెదడు ఆకారంలో తేడా ఏమీ కనిపించలేదు. దీనికి అంత ప్రచారం రాలేదు, సహజమే.

ఆకారం సంగతి పక్కన పెడదాం. ధ్యానం నేర్పేది ఒక అలవాటు. ఆలోచన వచ్చినప్పుడు దాని వెంట పరుగెత్తకుండా "ఇదొక ఆలోచన" అని గుర్తుపట్టడం. "నేను పనికిరాను" అనుకోవడానికీ "నేను పనికిరాను అనే ఆలోచన మళ్లీ వచ్చింది" అనుకోవడానికీ ఉన్న ఎడం వెంట్రుకవాసే. డిప్రెషన్ తిరగబెట్టకుండా ఆపడంలో ఆ వెంట్రుకవాసి చాలా పని చేస్తుంది.

మాత్రలు మొదలుపెడితే అలవాటైపోతాయా? జీవితాంతం వాడాలా?

ఈ ప్రశ్నలో రెండు వేర్వేరు మందులు కలిసిపోయాయి.

ఆల్ప్రజోలామ్, క్లోనజిపామ్, డయాజిపామ్ లాంటివి అరగంటలో, గంటలో మనసుని శాంతపరుస్తాయి. కొన్ని వారాలు వరసగా వాడితే ఒళ్లు వాటికి అలవాటు పడుతుంది, డోసు పెంచాలనిపిస్తుంది, ఉన్నపళంగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. అందుకే వీటిని కొద్ది రోజులకే రాస్తారు, లేదా రాయాలి. పాత చీటీ చూపించి వీటిని ఏళ్ల తరబడి కొనుక్కునేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది.

డిప్రెషన్ మాత్రలు ఆ కోవలోవి కావు. వాటి కోసం మనసు లాగదు, మత్తు రాదు. కానీ అర్ధాంతరంగా ఆపేస్తే తల తిరగడం, చిరాకు, పీడకలలు, తలలో కరెంటు కొట్టినట్టు చిన్న చిన్న షాకులు ఉంటాయి. పరాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ ఆపినప్పుడు ఈ బాధ ఎక్కువ. ఒంట్లో చాలా రోజులు నిలిచే ఫ్లూయాక్సెటిన్‌తో తక్కువ. ఈ లక్షణాలు చూసి "జబ్బు తిరగబెట్టింది" అనుకుని భయపడేవాళ్లు ఉన్నారు. చాలామంది విషయంలో అది జబ్బు తిరగబెట్టడం కాదు, మందు తొందరగా ఆపడం.

మొదటిసారి డిప్రెషన్ వచ్చినవాళ్లకు, పూర్తిగా బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించమంటారు. పదేపదే వచ్చినవాళ్లకు రెండేళ్లు, అంతకన్నా ఎక్కువ కూడా అవసరం కావచ్చు. జీవితాంతం వాడాల్సినవాళ్లు కొందరు ఉంటారు. బీపీ మాత్ర జీవితాంతం వేసుకోవడాన్ని ఎవరూ బలహీనత అనరు.

సైడ్ ఎఫెక్ట్స్ తలచుకుంటేనే భయం. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడుతుందేమో?

మొదటి రెండు వారాల్లో వికారం, తలనొప్పి, నిద్ర తేడాలు, కొందరికి ఆందోళన కాస్త పెరగడం కూడా ఉంటాయి. చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి. దురదృష్టం ఏమిటంటే ఇబ్బంది ముందు వస్తుంది, గుణం తర్వాత కనిపిస్తుంది. సరిగ్గా ఆ మధ్య కాలంలోనే చాలామంది మాత్రలు మానేస్తారు. నేనూ ఐదో రోజున డబ్బా అటక మీద పడేశాను. మళ్లీ దింపడానికి మూడు వారాలు పట్టింది.

తగ్గని ఇబ్బందుల్లో ముఖ్యమైనది, ఎవరూ నోరు విప్పి చెప్పనిది, లైంగిక సమస్యలు. కోరిక తగ్గడం, స్ఖలనం ఆలస్యం కావడం. సిగ్గుపడి చెప్పకుండా మందు మానేయడం కన్నా "ఇలా ఉంది డాక్టర్ గారూ" అని ఒక్క ముక్క చెబితే డోసు తగ్గించడమో, మందు మార్చడమో చేస్తారు.

25 ఏళ్లలోపు వాళ్లలో మందు మొదలుపెట్టినప్పుడు, డోసు మార్చినప్పుడు చనిపోవాలన్న ఆలోచనలు పెరగవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక పెట్టింది. కాబట్టి తొలి వారాల్లో ఇంట్లో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి, డాక్టర్‌ని త్వరత్వరగా కలవాలి.

ధ్యానానికి సైడ్ ఎఫెక్ట్స్ ఏముంటాయి, కళ్లు మూసుకుని కూర్చోవడమేగా?

ఉంటాయి. ధ్యానం నేర్పేవాళ్లు వీటి గురించి మాట్లాడటం తక్కువ. 2020లో 83 పరిశోధనలను కలిపి చూస్తే, ధ్యానం చేసినవాళ్లలో సుమారు 8 శాతం మందికి ఏదో ఒక చెడు అనుభవం కలిగినట్టు తేలింది. వాటిలో ఆందోళన, దిగులు ముందు వరసలో ఉన్నాయి. కొందరికి తమ ఒళ్లు తమది కానట్టు, ప్రపంచం అద్దం వెనక ఉన్నట్టు అనిపిస్తుంది. చిన్నప్పటి హింసో, ప్రమాదమో మనసులో దాగి ఉన్నవాళ్లకు నిశ్శబ్దంలో అదంతా ఒక్కసారిగా పైకి రావచ్చు.

రోజుకు పావుగంట కూర్చునేవాళ్లకు ఈ ప్రమాదం తక్కువ. రోజుకు పది గంటల చొప్పున పది రోజుల మౌన శిబిరాలకు వెళ్లినప్పుడు ఎక్కువ. బైపోలార్ ఉన్నవాళ్లకు నిద్ర తగ్గితేనే మేనియా ఎగదన్నవచ్చు, తెల్లవారుజామున లేపే శిబిరం వాళ్లకు సరిపడదు. సైకోసిస్ ఒకసారి వచ్చినవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఇలాంటి వాటికి పేరు ఇవ్వకూడదు. "శుద్ధి జరుగుతోంది, భయపడకు, ఇంకా గట్టిగా కూర్చో" అని ఎవరైనా చెబితే లేచి వచ్చేయండి.

మందులు వాడుతూ ధ్యానం చేయొచ్చా?

హాయిగా చేయొచ్చు. నా దృష్టిలో ఎక్కువమందికి సరైన జవాబు ఇదే. మాత్ర మనసు హోరుని కొంచెం తగ్గిస్తుంది, ఆ సందులో ధ్యానం పట్టుబడుతుంది. మత్తుగా ఉండే మందు వేసుకుంటే కూర్చోగానే కునుకు వస్తుంది, అందుకే వేసుకునే ముందో, మర్నాడు పొద్దున్నో కూర్చోండి.

లిథియం వాడేవాళ్లు శిబిరాల్లో నీళ్లు తాగకుండా, ఉపవాసాలుండి ఒంట్లో నీరు తగ్గనివ్వకూడదు. రక్తంలో లిథియం ప్రమాదకరంగా పెరుగుతుంది. ధ్యాన కేంద్రాల్లో "సహజం" అని అంటగట్టే మూలికల దగ్గర కూడా జాగ్రత్త. సెయింట్ జాన్స్ వర్ట్ అనే మొక్క డిప్రెషన్ మాత్రలతో కలిస్తే సెరటోనిన్ హద్దు మీరి ప్రాణం మీదికి రావచ్చు.

మూడు నెలలుగా ధ్యానం చేస్తున్నాను, బాగుంది. మాత్రలు ఆపేయనా?

మీ అంతట మీరు ఆపకండి. బాగున్నది ధ్యానం వల్లో, మాత్ర వల్లో, రెండూ కలిసో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఆపాలన్న కోరిక తప్పు కాదు, దాన్ని డాక్టర్ ముందు పెట్టండి. ఒక మంచి డాక్టర్ "ఇప్పుడు కాదు, ఈ పరీక్షో, ఈ కాన్పో, ఈ ఉద్యోగం మార్పో అయ్యాక చూద్దాం" అంటారు. తగ్గించేటప్పుడు వారాలు, ఒక్కోసారి నెలలు తీసుకుంటారు. చివరి కొద్దిపాటి డోసు దగ్గరే ఎక్కువ ఇబ్బంది, అక్కడ ఇంకా నెమ్మదిగా వెళ్లాలి. స్కిజోఫ్రీనియా, బైపోలార్ మందుల విషయంలో అయితే బాగున్నామనిపించడమే మానేయడానికి కారణం అవుతుంటుంది, ఆ వెంటే జబ్బు తిరగబెడుతుంది.

ధ్యానం నాకు కుదరట్లేదు. రెండు నిమిషాలు కూడా మనసు నిలవదు.

నిలవాలని ఎవరు చెప్పారు? ఊపిరి మీద ధ్యాస పెడతారు, అది జారిపోతుంది, జారిందని గమనించి వెనక్కి తెస్తారు. పావుగంటలో నలభైసార్లు జారి నలభైసార్లు వెనక్కి వస్తే మీరు ధ్యానం చేసినట్టే. ఆ వెనక్కి రావడమే కసరత్తు. ఆలోచనలు లేని మనసు కోసం ఎదురుచూసేవాళ్లు నెలకే మానేస్తారు.

కళ్లు మూసుకుంటే గాభరాగా ఉంటే తెరిచి ఉంచండి, నేల మీద ఒక చోట చూపు నిలపండి. ఊపిరిని గమనిస్తే ఊపిరాడనట్టు అనిపించేవాళ్లు, ముఖ్యంగా పానిక్ అటాక్స్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే భయం) వచ్చేవాళ్లు, ఊపిరి వదిలేసి పాదాలు నేలకు తగిలే స్పర్శ మీద ధ్యాస పెట్టండి. కూర్చోలేకపోతే నడుస్తూ చేయండి. నేను మొదటి రెండు నెలలూ కూర్చోలేదు, వరండాలో అటూ ఇటూ నడుస్తూ అడుగులు గమనించేవాణ్ని.

ఎంతసేపు, ఏ రకం? యాప్ సరిపోతుందా?

ఆసుపత్రుల్లో వాడుకలో ఉన్న మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణకు మూలం 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టిన ఎనిమిది వారాల కోర్సు. మొదట్లో అక్కడికి వచ్చినవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి నొప్పులతో బాధపడి, డాక్టర్లు ఇక చేసేదేమీ లేదన్నవాళ్లు. పరిశోధనలన్నింటిలో ఎక్కువ భాగం ఇలాంటి పద్ధతుల మీదే జరిగాయి. మంత్రజపం లాంటివి మీకు నప్పితే మానక్కర్లేదు, కానీ వాటి మీద ఇంత ఆధారం లేదు.

రోజూ పది నిమిషాలు, ఒకే వేళకు. నెల తర్వాత పెంచుకోండి. యాప్ మొదలుపెట్టడానికి పనికొస్తుంది, జబ్బుకి చికిత్సగా చాలదు.

ప్రాణాయామం, యోగా?

ఊపిరి నెమ్మదిగా వదిలే పద్ధతులు ఒంటిని శాంతపరుస్తాయి. వేగంగా, బలంగా ఊపిరి వదిలేవి మాత్రం పానిక్ అటాక్ లక్షణాలనే తెప్పించగలవు, అవి వచ్చేవాళ్లు దూరంగా ఉండటం మేలు. చురుకైన నడక, పరుగు డిప్రెషన్‌కి మేలు చేస్తాయనడానికి మంచి ఆధారం ఉంది. కూర్చోవడం ఇష్టం లేనివాళ్లు దాన్ని ఎంచుకోండి.

ఈ రెండూ కాక కౌన్సెలింగ్ మాటేమిటి?

ఈ పోటీలో అందరూ మరిచిపోయే మూడో మనిషి. సీబీటీ (ఆలోచనా సరళిని మార్చే థెరపీ) లాంటివి స్వల్ప, మధ్యస్థ డిప్రెషన్‌లో, ఆందోళనలో మందులకు దీటుగా పనిచేస్తాయి. తీవ్రంగా ఉన్నప్పుడు మందు, థెరపీ కలిపి ఇవ్వడం ఏ ఒక్కటో ఇవ్వడం కన్నా మేలు. దొరికే చోట ఉంటే, ధ్యానం కన్నా ముందు దీన్ని అడగండి అంటాను నేను.

పిల్లలకు ధ్యానం నేర్పించొచ్చా? మాత్రలు ఇవ్వొచ్చా?

ఇష్టపడితే నేర్పించండి, అద్భుతాలు ఆశించకండి. బ్రిటన్‌లో 8,000 మందికి పైగా బడిపిల్లలతో చేసిన పెద్ద పరిశోధన ఫలితాలు 2022లో వచ్చాయి. క్లాసులో మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు చెప్పినా, మామూలు పాఠాల కన్నా మేలేమీ కనబడలేదు. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర సాధనే చేయలేదట. వినగానే ఆశ్చర్యపోయినవాళ్లు పిల్లల్ని పెంచి ఉండరు.

డిప్రెషన్ బాగా ఉన్న పిల్లలకు మందు అవసరం కావచ్చు, ఎక్కువగా ఫ్లూయాక్సెటిన్ ఎంచుకుంటారు. అది పిల్లల మానసిక వైద్యులు తేల్చాల్సిన మాట.

గర్భంతో ఉన్నాను, మాత్రలు ఆపి ధ్యానం చేయమంటున్నారు.

ఎవరు అంటున్నారన్నది ముఖ్యం. డాక్టర్ అయితే వినండి. చుట్టాలైతే ఆగండి. బైపోలార్‌కి వాడే వాల్‌ప్రోయేట్ లాంటి కొన్ని మందులు బిడ్డకు నిజంగా హాని చేస్తాయి, వాటిని గర్భానికి ముందే మార్చాలి. మరికొన్ని కొనసాగించవచ్చు. చికిత్స లేని డిప్రెషన్ కూడా తల్లికీ బిడ్డకీ హాని చేస్తుందన్నది ఈ లెక్కలో కలపాలి. ఏ మందైనా భయపడి రాత్రికి రాత్రి ఆపొద్దు.

"మనసు గట్టి చేసుకుంటే చాలు, మందులెందుకు" అంటున్నారు ఇంట్లో.

ఈ మాట అనేవాళ్లు ప్రేమతోనే అంటారు, అదే కష్టం. వాదించి గెలవలేరు. ఒకసారి డాక్టర్ దగ్గరికి తోడు తీసుకెళ్లండి, మీ గురించి మీకన్నా వాళ్లే ఎక్కువ చెబుతారు: రాత్రంతా అటూ ఇటూ పొర్లుతున్నాడని, అన్నం కలిపి వదిలేస్తోందని. చెబుతూ చెబుతూ వాళ్లకే అర్థమవుతుంది.

ఏ ఆలోచనా పెట్టుకోకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సింది ఎప్పుడు?

చనిపోవాలన్న ఆలోచన, అందులోనూ ఎలా అన్న పథకం ఉన్నప్పుడు. ఎవరూ లేని చోట మాటలు వినిపిస్తున్నప్పుడు. నిద్ర రెండు మూడు గంటలకు పడిపోయినా విపరీతమైన హుషారు, ఖర్చు, కోపం ఉన్నప్పుడు. తిండి, నీళ్లు మానేసినప్పుడు. అప్పుడు ధ్యానం ఊసెత్తొద్దు, మీ ప్రాంతంలోని అత్యవసర విభాగానికో హెల్ప్‌లైన్‌కో ఫోన్ చేయండి. ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు.

మొదటిసారి వెళ్తున్నాను. డాక్టర్‌కి ఏం చెప్పాలి?

ఎప్పటినుంచి, నిద్ర ఎలా ఉంది, ఏ పని ఆగిపోయింది. వాడుతున్న మందులన్నీ, మూలికలూ ఆకుపసర్లతో సహా. మద్యం ఎంత తాగుతున్నారో నిజం. గతంలో ఎప్పుడైనా వారం పాటు నిద్ర అవసరం లేనంత ఉత్సాహంగా ఉన్నారా అన్నది కూడా చెప్పండి, ఎందుకంటే బైపోలార్‌ని డిప్రెషన్ అనుకుని ఒట్టి డిప్రెషన్ మాత్ర ఇస్తే మేనియా ఎగదన్నవచ్చు. ఇంట్లో ఎవరికైనా ఇలాంటి జబ్బు ఉందా, వాళ్లకు ఏ మందు పనిచేసింది. ధ్యానం చేస్తుంటే రోజుకు ఎంతసేపు, ఎలా ఉంది. కాగితం మీద రాసుకుని వెళ్లండి, గదిలోకి అడుగుపెట్టగానే సగం మరిచిపోతారు. నేను మూడోసారి వెళ్లినప్పుడు గానీ మద్యం సంగతి చెప్పలేదు.